జెర్డన్ దొర - కలివికోడి

అనంతపురం జిల్లా యనగానే తెలుగువారి మనస్సునకు మొదట తోచునది కరవు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియు ఆ మెట్టసీమలో ఎఱ్ఱనేలలు, రాతిగుట్టలు, వేరుసెనగ చేలు, వాని నడుమ రేగు, తుమ్మ, కలివి మున్నగు ముండ్లపొదలతో నిండిన బీళ్లు కానవచ్చును. పంట పండని నేలను రైతు బీడనును. సర్కారు లెక్కలలో అది బంజరు. ఎవరికిని పనికిరాని నేల యని ఆ మాటల కర్థము. అయితే ఆ నేలనే నమ్ముకొని బ్రతుకు ప్రాణులు గలవు. వానిలో మిక్కిలి అరుదైన పక్షి యొకటి 1900 సంవత్సరమున అనంతపురం సమీపమున పెన్నలోయలో కనబడినది. ఆ పిమ్మట 86 సంవత్సరములవరకు పక్షిశాస్త్రజ్ఞులలో నెవ్వరును దానిని చూడలేదు. అది భూమినుండి నశించిపోయినదనియే పెక్కుమంది తలంచిరి.

ఆ పక్షిని మన పల్లెవారు కలివికోడి యందురు. కలివిపొదలలో మసలుటచేత దాని కా పేరు వచ్చినదని చెప్పుదురు. తెలుగునాటను, దాని పొలిమేరలలోను దక్క ప్రపంచమున మఱెక్కడను ఈ పక్షి కనబడలేదు. అయినను లోకమందలి పక్షిశాస్త్ర గ్రంథములలో అది కలివికోడి కాదు. జెర్డన్ పేరుమీద ‘జెర్డన్స్ కోర్సర్’. మన బీటిలో పుట్టిన పిట్టకు పేరిచ్చిన ఈ జెర్డన్ ఎవరు? ఆయన మనకేమి చేసిపోయెను? ఏమి చేయక పోయెను? ఈ ప్రశ్నలకు సమాధానము ఒక మనుష్యుని జీవితములో మాత్రమే గాక, ఒక పక్షి భవిష్యత్తులో కూడ ఇమిడియున్నది.

థామస్ కేవర్‌హిల్ జెర్డన్ 1811 అక్టోబరు 12వ తేదీన ఇంగ్లండులోని డర్హం మండలమున జన్మించెను. తండ్రి ఆర్చిబాల్డ్ జెర్డన్ స్కాట్లండు సరిహద్దులలోని బాంజెడ్వర్డుకు చెందినవాడు. థామస్ ఆయనకు పెద్దకొడుకు. పదునేడేండ్ల వయస్సున ఎడింబరో విశ్వవిద్యాలయమున ప్రవేశించి, అచ్చట ప్రకృతిశాస్త్రమును బోధించు ఆచార్య రాబర్ట్ జేమ్సన్ పాఠములు వినెను. అంతకు కొలది సంవత్సరములకు పూర్వమే చార్లెస్ డార్విన్ ఆ ఆచార్యుని తరగతిలోనే కూర్చుండెను. డార్విన్ వైద్యవిద్య విడిచి వెడలిపోయెను. జెర్డన్ మాత్రము వైద్యుడయ్యెను. 1835లో ఈస్టిండియా కంపెనీ ఆయనను సహాయ శస్త్రవైద్యునిగా నియమించెను. 1836 ఫిబ్రవరిలో జెర్డన్ మద్రాసు రేవున దిగెను.

కంపెనీ కొలువులోని వైద్యులలో ప్రకృతిశాస్త్రమునందు మక్కువ గలవారు అనేకులు. ఆ కాలమున మందులు చెట్లనుండి వచ్చుచుండెను గనుక వైద్యునికి వృక్షశాస్త్రము తెలిసియుండుట అవసరము. సామర్లకోటలో తోటలు వేసి కోరమండల తీరమందలి మొక్కలను గ్రంథస్థము చేసిన విలియం రాక్స్‌బరో వైద్యుడే. విశాఖపట్టణమున ఉండి మన పాములనుగూర్చి 1796లో పెద్ద గ్రంథము వెలువరించిన పాట్రిక్ రస్సెల్ కూడ వైద్యుడే. మొక్కలను ఒకరు, పాములను ఒకరు చేపట్టి పోయిన తెలుగునేలమీద పక్షులనుగూర్చిన పని మాత్రము మిగిలియుండెను. జెర్డన్ దానికి పూనుకొనెను.

ఆయన మొదటి కొలువు గంజాము ప్రాంతమున. జ్వరములతోను గ్రహణితోను పడియున్న సిపాయిలకు చికిత్స చేయుట ఆయన పని. 1837లో ఆయనను తిరుచిరాపల్లిలోని గుఱ్ఱపుదళమునకు మార్చిరి. ఆ దళముతోనే దక్కనులోని జాల్నాకు పోయి అచ్చట నాలుగేండ్లు గడపెను. దళము ఒక చోటనుండి వేరొక చోటికి తరలునప్పుడు వారములకొలది ప్రయాణము. తక్కినవారికి విసుగు పుట్టించు ఆ ప్రయాణములే జెర్డన్‌కు పాఠశాల లయ్యెను. ఎక్కడ గుడారము వేసినను తెల్లవారకముందే లేచి పొలములవెంట, చెఱువుగట్లవెంట తిరుగుట, పక్షులను కొట్టి చర్మములు ఒలిచి భద్రపఱచుట, వాని కొలతలు, రంగులు, కూతలు వ్రాసికొనుట ఆయన నిత్యకృత్యమయ్యెను.

ఈ కృషి మొదటనే ఒక పెద్ద దెబ్బ తినెను. తాను సేకరించిన పక్షులను గుర్తించి పేర్లు నిర్ణయించి పంపుమని జెర్డన్ స్కాట్లండులోని ప్రసిద్ధ పక్షిశాస్త్రజ్ఞుడు సర్ విలియం జార్డిన్ వద్దకు వానిని పంపెను. నెలలకొలది సముద్రప్రయాణము చేసి అవి చేరునప్పటికి పురుగు పట్టి పాడైపోయినవి. మఱియొకడైనచో చేతులు ముడుచుకొనెడివాడు. జెర్డన్ మాత్రము సముద్రములకావల నున్న పండితులమీద ఆధారపడుట మానెను. పక్షి బ్రతికియున్న చోటనే, దానిని రోజూ చూచువారి నడుమనే దానిని గుర్తించుట నేర్చుకొనెను. దాని ఫలితముగా 1839-40లలో దక్షిణభారతమందలి పక్షుల పట్టికను మద్రాసు సాహిత్యశాస్త్ర పత్రికలో ప్రకటించెను. అందు 420 జాతులు చేరియుండెను. అంతకు ముందు కర్నల్ సైక్స్ తయారుచేసిన పట్టికకు అది దాదాపు రెట్టింపు. అప్పటికి జెర్డన్ వయస్సు ముప్పది కూడ నిండలేదు.

1841లో ఆయన ఫ్లోరా మక్లౌడ్ అను ఆమెను వివాహమాడెను. ఆమెకు పూలమొక్కలను చిత్రించుటయం దభిరుచి యుండెను. ఆరోగ్యమునకై ఆ దంపతులు నీలగిరులకు పోయిన దినములలో అచ్చటి అడవిపక్షులను జెర్డన్ పరిశీలించెను. పిమ్మట ఆయనకు నెల్లూరిలో సివిల్ సర్జను పదవి లభించెను. తెలుగువారికి ఆయన జీవితములో ముఖ్యమైన ఘట్ట మిదియే.

నెల్లూరు పెన్న సముద్రమును చేరబోవు చోటు. తూర్పున ఉప్పుటేరులు, ఇసుకదిబ్బలు. పడమట వెలిగొండలు, వానిని దాటినంత కడపసీమ. ఆ మండలమున యానాదులు పెద్దసంఖ్యలో నివసించుచుండిరి. ఎలుకలను, పాములను పట్టుట, తేనె, మూలికలు తెచ్చుట, ఉచ్చులు పన్ని పక్షులను పట్టుట వారి జీవనోపాధి. ఊరివారు వారిని దూరముగా నుంచిరి. జెర్డన్ వారిని దగ్గఱకు పిలిచెను. ఏ పక్షి ఏ కాలమున వచ్చును, ఎక్కడ గ్రుడ్లు పెట్టును, ఏమి తినును, రాత్రి ఎట్లు కూయును అను విషయములు వారిని అడిగి తెలిసికొనెను. తన ఆసుపత్రి పని ముగిసిన తరువాత, చదువురాని వారియెదుట చదువరి శిష్యుడై కూర్చుండెనన్నమాట. విద్యార్థులు గమనింపదగిన గుణమిది. జ్ఞానము ఎవరివద్ద నున్నదో గుర్తించుట జ్ఞానమునకు మొదటి మెట్టు.

ఇంకొక మేలుపని కూడ ఆయన చేసెను. తాను వర్ణించిన పక్షులకు లాటిను, ఇంగ్లీషు పేర్లతోపాటు దేశభాషలలోని పేర్లను కూడ వ్రాసి పెట్టెను. హిందూస్థానీ, తమిళము, కన్నడము మున్నగు వానితోపాటు తెలుగు పేర్లు కూడ అందు గలవు. ఈ పనిలో ఆయనకు సర్ వాల్టర్ ఇలియట్ మిక్కిలి తోడ్పడెను. అమరావతి శిల్పములను త్రవ్వించి మద్రాసుకు చేర్చినవాడుగా చరిత్రపాఠములలో మనకు పరిచితుడైన ఇలియట్ జంతువులను, పక్షులను కూడ శ్రద్ధగా పరిశీలించిన వ్యక్తి. ఆయన తాను వ్రాసికొన్న టిప్పణములను జెర్డన్‌కు ఉదారముగా ఇచ్చెను.

ఇచ్చట మన కింకొక దొర జ్ఞప్తికి వచ్చును. కడపలోను, మచిలీపట్టణమునందును కొలువుచేసి, చెదలు తినిపోవుచున్న తాళపత్ర గ్రంథములను సేకరించి, పండితులచేత ప్రతులు వ్రాయించి, 1852లో నిఘంటువును ప్రకటించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ జెర్డన్‌కు సమకాలికుడు. బ్రౌన్ మాటలను కూర్చెను. జెర్డన్ పిట్టలను కూర్చెను. ఒకరు వేమన పద్యములకొఱకు ఊరూర వెదకించిరి. ఇంకొకరు పొదపొదను వెదకిరి. బ్రౌన్‌ను తెలుగువారు గుండెలలో పెట్టుకొనిరి. జెర్డన్ మాత్రము మన పాఠ్యపుస్తకములకు ఎక్కలేదు.

నెల్లూరి రోజులలోనే ఆయన భారతదేశ పక్షుల చిత్రమాలను మద్రాసులో అచ్చువేయించెను. 1843 మొదలు 1847 వరకు భాగములుగా వెలువడిన ఆ గ్రంథమున 50 చిత్రపటములు గలవు. వానిని గీచినవారిలో ఎక్కువమంది ఈ దేశపు చిత్రకారులు. రేఖలను రాతిమీద అచ్చొత్తి, రంగులు చేతితో అద్దిన ఆ బొమ్మలు చూపఱులను నేటికిని ఆశ్చర్యపఱచును. డేగలను మచ్చిక చేసి వేటాడు పద్ధతులనుగూర్చి కూడ అందాయన విపులముగా వ్రాసెను. ఆ విద్య ఇప్పుడు మన దేశమున దాదాపు అంతరించినది. దానిని తెలిసికొనగోరువారికి ఆ పుటలు అమూల్యములు.

నెల్లూరికి పడమట నున్న కొండల వైపునుండి, కడప సరిహద్దులలోని పలుచని ముండ్లపొదల అడవినుండి, ఆయనకు ఒక వింతపక్షి లభించెను. కౌజుపిట్టకంటె పెద్దది, పొడవు సుమారు 27 సెంటీమీటర్లు. కాళ్లు పొడుగు, పసుపువన్నె. కండ్లు పెద్దవి. కనుబొమ్మమీద వెడల్పైన తెల్లని చాఱ. ఱొమ్ముమీద రెండు గోధుమరంగు పట్టెలు, రెండు హారములు వేసికొన్నట్లు. జెర్డన్ దానిని కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ ప్రదర్శనశాలను నిర్వహించు ఎడ్వర్డ్ బ్లైత్‌కు పంపెను. బ్లైత్ 1848లో దానిని క్రొత్త జాతిగా వర్ణించి, రెండు హారములు గలదని అర్థమిచ్చు లాటిను పేరు పెట్టెను.

ఈ పక్షి పుట్టుక యందొక విచిత్రము గలదు. ఇది ఉల్లంకులు, తీతువులు చేరిన వర్గమునకు చెందినది. ఆ వర్గములో పెక్కు పక్షులు పొడుగుకాళ్లతో నీటియొడ్డున, బురదలో, వరిమళ్లలో తిరుగును. కలివికోడి మాత్రము నీటిని విడిచి, నీరులేని సీమను తన సొంతము చేసికొన్నది. పగలు పొదల నీడలో కదలక మెదలక కూర్చుండును. రాత్రి వెలువడి పొదల నడుమనున్న ఖాళీనేలమీద పరుగులిడుచు చెదపురుగులు, చీమలు మున్నగు పురుగులను ఏరుకొని తినును. ఆపద వచ్చినప్పుడు ఎగురుటకంటె పరుగెత్తుటకే ఇష్టపడును. నేలరంగులో కలిసిపోవును గనుక నాలుగడుగుల దూరమున నున్నను మన కంటికి ఆనదు.

1847 ప్రాంతమున జెర్డన్ మలబారు తీరమందలి తెల్లిచేరికి బదిలీ అయ్యెను. అచ్చట ఆయన దృష్టి చీమలమీద పడెను. ఎగిరి దుముకు ఒక వింత చీమను ఆయన 1851లో లోకమునకు ఎఱుకపఱచెను. నేటికిని దానికి జెర్డన్ చీమ యని వాడుక గలదు. మంచినీటి చేపలు, పాములు, తొండలు, కప్పలు, అన్నియు ఆయనకు పరిశీలనార్హములే. 1857 నాటి తిరుగుబాటు సమయమున ఆయన మధ్యభారతమందలి సాగరులో గుఱ్ఱపుదళమునకు వైద్యుడుగా నుండెను. తరువాత డార్జిలింగు ప్రాంతములకు పోయి హిమాలయ పక్షులను చూచెను.

ఇరువదియైదేండ్లు కూర్చిన సామగ్రిని గ్రంథరూపమున నుంచుటకు ఆయనకు కావలసినది తీరిక. దొరతన మందలి వారెవరైన దానిని గుర్తింపవలసియుండెను. గవర్నర్ జనరల్ క్యానింగ్ ప్రభువు ఆ పని గ్రహించి, ఆయనను ప్రత్యేక ఉద్యోగమున నియమించి గ్రంథరచనకు అవకాశము కల్పించెను. అట్లు వెలువడినదే భారతదేశ పక్షులనుగూర్చిన మహాగ్రంథము. 1862 మొదలు 1864 వరకు కలకత్తాలో అచ్చయిన ఆ గ్రంథమున వేయికి పైగా పక్షిజాతుల వర్ణనలు గలవు. దేశములో ఏ మూలనున్న ఉద్యోగియైనను, ఉపాధ్యాయుడైనను తన పెరటిలోని పిట్టను తానే గుర్తించుటకు వీలుగా, దేశమంతటి పక్షులను ఒక్కచోట చేర్చిన మొదటి పుస్తక మదియే. తరువాతి తరముల పక్షిశాస్త్రజ్ఞులందఱును దానిమీదనే ఇల్లు కట్టిరి. 1867లో క్షీరదములనుగూర్చిన గ్రంథము కూడ వెలువడెను.

1868లో జెర్డన్ కొలువునుండి విరమించెను. అయినను వెంటనే స్వదేశమునకు పోలేదు. అస్సాములో పక్షులను వెదకుచు గౌహతిలో తీవ్రమైన జ్వరమున పడెను. ముప్పదియేండ్లు ఇతరుల జ్వరములకు మందిచ్చిన వైద్యుని దేహము ఆ జ్వరమునుండి పూర్తిగా తేఱుకొనలేదు. 1870లో ఇంగ్లండు చేరి, 1872 జూను 12వ తేదీన లండను సమీపమందలి అప్పర్ నార్వుడ్‌లో తనువు చాలించెను. అరువదియొకటవ ఏడు నడుచుచుండెను.

జెర్డన్ పోయిన పిమ్మట ఆయన పక్షి కథ ఎట్లు నడచెనో చూతము. ఆయన తరమువాడైన బ్లాన్‌ఫర్డ్ దానిని గోదావరిలోయలో చూచెను. 1900లో హోవర్డ్ కాంబెల్ అనంతపురం సమీపమున చూచెను. ఆ తరువాత నిశ్శబ్దము. సలీం అలీ వంటి మహాశాస్త్రజ్ఞుడు వెదకెను; దొరకలేదు. 1970 తరువాత మఱల వెదకిరి, దొరకలేదు. వెదకినవారందఱును చేసిన పొరపాటొకటి యుండెను. ఆ పక్షి రాత్రి తిరుగునది. వారు పగలు వెదకిరి.

తుదకు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన యువశాస్త్రజ్ఞుడు భరత్ భూషణ్ జెర్డన్ త్రొక్కిన దారినే త్రొక్కెను. పక్షి బొమ్మను పట్టుకొని పల్లెలు తిరిగి, రైతులను, పసులకాపరులను, పక్షులను పట్టువారిని అడిగెను. కడప జిల్లా సిద్ధవటం ప్రాంతమందలి రెడ్డిపల్లెవద్ద ఐతన్న అను వేటగాడు ఆ బొమ్మను చూచి, అది తా మెఱిగిన కలివికోడియే యని గుర్తించెను. 1986 జనవరిలో ఒక రాత్రి ఐతన్న దీపపు వెలుగులో ఆ పక్షిని సజీవముగా పట్టెను. లోకము నశించినదనుకొన్న పక్షి, ఆ ఊరివారికి ఎన్నడును నశింపలేదు. శాస్త్రము ఎనుబదియాఱేండ్లు తెలియదనిన విషయము, ఒక తెలుగు వేటగానికి తెలిసియే యుండెను. అతనిని అడిగినవారు లేకపోయిరి, అంతియే. పట్టుబడిన ఆ పక్షి బ్రతుకలేదు. అయినను జాతి మిగిలియున్నదను శుభవార్తను వృద్ధుడైన సలీం అలీ వినగలిగెను. మఱుసటి ఏడు, 1987లో, ఆయన స్వర్గస్థుడయ్యెను.

పెన్నానది నందికొండలలో పుట్టి అనంతపురం, కడప మండలములగుండ ప్రవహించి నెల్లూరివద్ద సముద్రమున కలియును. ఆ నదికి దిగువన జెర్డన్, ఎగువన కాంబెల్, నడుమ ఐతన్న. కలివికోడి చరిత్రలో అధికభాగము ఒక్క నది చెప్పిన కథ.

ఆ కథకు అనంతపురం పొరుగునుండి ఒక అనుబంధము కూడ చేరినది. కోలారు బంగారుగనుల ప్రాంతమున 1917లో సేకరింపబడిన ఒక గ్రుడ్డు స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయపు ప్రదర్శనశాలలో పడియుండెను. 2013లో దానిని పరీక్షించి, అది కలివికోడి గ్రుడ్డేయని తేల్చిరి. అనగా 1900 తరువాత కూడ అనంతపురం చుట్టుప్రక్కల ఎఱ్ఱనేలలలో ఈ పక్షి కాపురముండినది, గ్రుడ్లు పెట్టినది. అది అచ్చటినుండి పోవుటకు కారణము తుపాకి కాదు. దాని ఇల్లు పోయినది.

ఆ ఇల్లు ఎట్టిదో ఈ శతాబ్ది ఆరంభమున శాస్త్రజ్ఞులు పరిశీలించిరి. సన్ననిమట్టి పట్టీలు నేలమీద పఱచి, తెల్లవారుసరికి వానిమీద పడిన అడుగుజాడలను పరీక్షించిరి. రాత్రులందు తమంతట బొమ్మ తీయు కెమెరాలను అమర్చిరి. తేలినదేమనగా, ఈ పక్షికి దట్టమైన అడవి పనికిరాదు, బయలునేలయు పనికిరాదు. హెక్టారుకు 300 మొదలు 700 వరకు రెండు మీటర్లకు మించిన పెద్దపొదలు, వాని నడుమ పరుగెత్తుటకు ఖాళీనేల ఉండవలెను. మేకలు, పసువులు మితముగా మేసిన బీడే అట్లుండును. మేత బొత్తిగా లేనిచో పొదలు అల్లుకొనిపోవును. మితిమీరినచో, కట్టెలకొఱకు నఱకినచో, నేల బోడియగును. కావున పసులకాపరి ఈ పక్షికి శత్రువు కాడు; ఒక విధముగా దాని తోటమాలి. అసలు అపాయము బీడును దున్ని తోటగా, చేనుగా మార్చుటవలన, కాలువలు, రోడ్లు, రాతిగనులు త్రవ్వుటవలన వచ్చినది.

ప్రభుత్వము 1988లో 464 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణముగల శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యమును ఏర్పఱచినది. 2005లో తెలుగుగంగ కాలువ పనులు కలివికోడి తిరుగు నేలవఱకు వచ్చినప్పుడు శాస్త్రజ్ఞులు ఆందోళన వెలిబుచ్చగా, తుదకు కాలువ మార్గము మార్చబడినది. కరవుసీమకు నీరు వద్దని యెవ్వరు అనగలరు? అనంతపురం, కడప రైతుకు నీటిబొట్టు విలువ తెలిసినంతగా ఇతరులకు తెలియదు. అయితే కాలువ కొంచెము ప్రక్కగా పోయినను నీరు పాఱును. పక్షి మాత్రము ప్రక్కకు పోయి బ్రతుకలేదు. ఆ భేదమును గ్రహించి చేసిన నిర్ణయము గనుకనే అది కొనియాడదగినది. ఇన్ని చేసినను కలివికోడి నేటికిని అత్యంత ప్రమాదస్థితిలో నున్న పక్షులలో నొకటి. ఏండ్ల తరబడి వెదకినను కనబడుట అరుదు.

రైతును పక్షియు కలిసి బ్రతుకజాలరని తలంచువారు వీరాపురమును చూడవలెను. చిలమత్తూరు మండలమందలి ఆ గ్రామము చిరకాలము అనంతపురం జిల్లాలో నుండి, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. అచ్చటికి ప్రతియేటను రంగుల కొంగలు వచ్చి, ఇండ్ల నడుమనున్న చింతచెట్లమీద గూళ్లు కట్టి, పిల్లలను పెంచుకొని పోవును. రెట్ట వాసనను, అరుపులను సహించి, ఆ ఊరివారు వానిని ఇంటి ఆడబిడ్డలవలె ఆదరించుచున్నారు. ఏ చట్టమును వారి కిది నేర్పలేదు. కొంగ కంటికి కనబడును, ఊరిమధ్య వాలును, వానలకు శుభసూచకమని తోచును. కలివికోడికి ఆ అదృష్టము లేదు. అది చీకటిలో తిరుగును, బీటిలో దాగును, దానివలన శుభమో అశుభమో చెప్పువారు లేరు. కనబడనిదానిని కాపాడుటకు ప్రేమ ఒక్కటి చాలదు, తెలివిడియు కావలెను.

ఆ తెలివిడికి పునాది వేసినవాడు జెర్డన్. ఆయనయందు లోపములు లేకపోలేదు. పరాయి పాలకుల కొలువులో పనిచేసిన ఉద్యోగి ఆయన. తుపాకితో కొట్టి పక్షులను సేకరించెను. ఆ కాలమున అది శాస్త్రమార్గము. ఇంతకంటె మనకు నొప్పి కలిగించు లోపము మఱియొకటి. యానాదులు చెప్పిన విషయము శాస్త్రమున చేరినది; ఇంగ్లీషు దొరల పేర్లు పక్షులకు చేరినవి; చెప్పిన యానాదుల పేర్లు మాత్రము ఎందును మిగులలేదు. నూటముప్పదియెనిమిదేండ్ల పిమ్మట ఐతన్న పేరు చరిత్రకెక్కుటతో ఆ ఋణము కొంత తీఱినదని చెప్పవచ్చును.

అయినను ఒక విషయమున జెర్డన్‌కు మనము నమస్కరింపవలెను. ఈ దేశపు పిట్టకు ఈ దేశపు పేరు ముందే యున్నదని ఆయన ఎఱిగియుండెను; దానిని అడిగి వ్రాసికొనెను. నేడు మన పల్లెటూరి పాఠశాలలలో చదువు పిల్లలకు కాకి, పిచ్చుక, చిలుక దాటినచో ఎన్ని పక్షుల తెలుగు పేర్లు తెలియును? వారి తాతలకు ఏబది, అరువది తెలియును. పేరు తెలియని పిట్ట పోయినను, పోయిన సంగతి ఎవరికిని తెలియదు. ఉపాధ్యాయులు తలంచుకొన్నచో ఒక సెలవుదినమున పిల్లలచేత ఊరిలోని పెద్దలను, పసులకాపరులను అడిగించి, తమ ఊరి పక్షుల పేర్లు, అవి వచ్చు కాలము, వాలు చోటు ఒక పుస్తకమున వ్రాయింపవచ్చును. చెప్పినవారి పేర్లు కూడ ప్రక్కనే వ్రాయింపవలెను. జెర్డన్ చేసిన పనియు, చేయక విడిచిన పనియు ఆ పుస్తకములో ఒక్కమాఱే పూర్తియగును. ఎవరెఱుగుదురు? అనంతపురం మెట్టలలో ఏ గొల్లవానికైనను రాత్రివేళ కలివిపొదల మాటున రెండు హారములు ధరించి పరుగెత్తు పిట్ట యొకటి ఇప్పటికిని తెలిసియుండవచ్చును. అతనిని అడుగువారు కావలెను.